టీకా చేసితిమి, మందు మాట యేమి?

అమెరికాదేశమున పెన్సిల్వేనియా రాష్ట్రమందు డాయిల్స్‌టౌన్ అను చిన్నపట్టణ మున్నది. హెపటైటిస్-బి వ్యాధికి లోనైన యొక యువకుటుంబము పడు కష్టమును జూచి మనసు కరిగిన రెండు జంటల దంపతులు 1991లో ఆ ప్రాంతమున నొక సంఘమును స్థాపించిరి. కాలక్రమమున ఆ సంఘమువారి పూనికచేతనే అచ్చట పరిశోధనాలయములు వెలసెను. అందు నోవిరా యను చిన్న కంపెనీ యొకటి ఆ వ్యాధికి క్రొత్తమందు కనిపెట్టుటకు పూనుకొనెను. దూరదేశపు ముచ్చట మనకేల యని పాఠకులు తలంపకుందురు గాక. ఈ వ్యాధి మన యిండ్లలో నున్నది.

ఈ వైరసు కాలేయకణములో బ్రవేశించి, తన జన్యుపదార్థమును భద్రపరచుకొనుటకు మాంసకృత్తులతో నొక పెంకును కట్టుకొనును. పెంకు సరిగా కుదిరినగాని దాని సంతతి బయటకు వెడలి యితరకణములను సోకజాలదు. నోవిరావారి మందు ఆ తాపీపనిని చెడగొట్టును. కట్టిన పెంకులు లోన నేమియు లేని వట్టి డొల్లలై మిగులును. ఇప్పుడు వాడుకలోనున్న టెనోఫోవిర్, ఎంటెకావిర్ మాత్రలు వేరొకచోట దెబ్బతీయును. వైరసు తన జన్యుపదార్థమునకు నకలు వ్రాసికొనుటను అవి యాపును. కాని కణపు కేంద్రకములో అది వలయాకారముగా దాచియుంచిన మూలప్రతిని ఈ మాత్రలు ముట్టజాలవు. మాత్ర మానినచో చాలమందికి వైరసు మరల తలయెత్తుచున్నది. కావుననే పెక్కుమంది రోగులు ఏండ్ల తరబడి, జీవితాంతమువరకు గూడ, మాత్రను మ్రింగుచుండవలసివచ్చుచున్నది.

2015 నవంబరులో జాన్సన్ అండ్ జాన్సన్ అను మహాసంస్థ నోవిరాను కొనెను. అటుపై ఆ సంస్థవారు ఈ తరగతి మందుపై జరిపించిన పరీక్షలలో రక్తమునందలి వైరసు బాగుగా తగ్గెను గాని, రోగము కుదిరినదనుటకు గురుతుగా వైద్యు లెదురుచూచు ఫలితము, అనగా వైరసుయొక్క ఉపరితల ప్రతిజనకము రక్తమునుండి తొలగుట, కానరాలేదు. 2023లో ఆ సంస్థ సాంక్రామికవ్యాధుల పరిశోధనను చాలవరకు కుదించుకొని, ఈ వ్యాధికై తనయొద్దనున్న వేరొక మందును గ్లాక్సోస్మిత్‌క్లైన్ వారికి అప్పగించెను. మందు ఫలింపకపోవుట తప్పుగాదు. శాస్త్రమార్గమున అది నిత్యము జరుగునదే. వ్యాపారి తన లాభమును చూచుకొనుటయు నేరముగాదు. ఎవరి కాలేయము చెడుచున్నదో వారికి ఈ కొనుగోళ్లలో గాని, ఈ కుదింపులలో గాని మాట లేకుండుటయే మమ్ము కలచుచున్నది.

ఆ రోగు లెవరు? ప్రపంచారోగ్యసంస్థవారి యంచనా ప్రకారము 2022లో ఈ దీర్ఘవ్యాధితో జీవించుచుండినవారు 25 కోట్ల 40 లక్షలు. ఆ యేట దీనిచే మరణించినవారు 11 లక్షలు. భారతదేశమునందే 2 కోట్ల 98 లక్షలమంది కలరు. ప్రపంచమునందలి రోగులలో తమకీ వ్యాధి యున్నదని తెలిసినవారు నూటికి 13 మంది, మందు పుచ్చుకొనుచుండినవారు కేవలము ముగ్గురు. మనవారు కండ్లు పచ్చబడినగాని కాలేయమును తలంపరు. ఈ రోగమో, ప్రసవకాలమున తల్లినుండియో పసితనముననో సోకి, దశాబ్దములు చప్పుడుచేయక యుండి, తుదకు కాలేయము గట్టిపడినప్పుడో కాన్సరు పుట్టినప్పుడో బయటపడును. తెలిసినవారును ఉద్యోగమునకో పెండ్లికో ముప్పువచ్చునని దాచుకొందురు. సహపంక్తి భోజనమువలన ఇది సోకదని యెన్నిమారులు చెప్పినను వినువారు తక్కువ.

మనకు శక్తిలేదని మాత్ర మెవ్వరును అనరాదు. హైదరాబాదులో 1993లో శ్రీ వరప్రసాదరెడ్డిగారు శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించునాటికి ఈ వ్యాధికి విదేశపు టీకా మోతాదొక్కటికి వందల రూపాయలు పలుకుచుండెను. 1997లో వారి షాన్‌వాక్-బి వెలువడెను. జన్యుసంయోజన పద్ధతిచే మనదేశమున తయారైన మొదటి టీకా యదియే. విదేశపు టీకాతో పోల్చిన దాని వెల స్వల్పము. టీకా ధర లిట్లు దిగివచ్చినమీదట 2011 నాటికి శిశువులకు వేయు ప్రభుత్వ టీకాలలో ఇది దేశమంతట చేరెను. ఈ కంపెనీకి ఆదిలో పెట్టుబడి ఒమాను దేశమునుండి రావలసివచ్చెననుట మన ధనికులు మరువరానిది. ఆ కంపెనీయు 2009లో ఫ్రాన్సుదేశపు సనోఫీవారి వశమయ్యెను.

టీకా పుట్టబోవు బిడ్డను కాపాడును. రోగము సోకినవానికి దానితో పనిలేదు. మన పేటెంటు కార్యాలయము 2009లో టెనోఫోవిర్‌పై గుత్తహక్కును నిరాకరించుటచే, ఆ మాత్ర మన కర్మాగారములలోనే చౌకగా తయారగుచున్నది. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమమున పరీక్షయు మందును ఉచితముగా నిచ్చు ఏర్పాటు గలదు. ఇది కొనియాడదగినదే. కాని యొకరు కనిపెట్టినదానిని చౌకగా చేయుటలోనే మన ప్రావీణ్య మాగిపోవలెనా?

నేలయుసిరి యున్నది గదా యనువారు కలరు. 1988లో మద్రాసు పరిశోధకులు, ఈ వైరసును కనుగొని 1976లో నోబెల్ బహుమానమందిన బ్లంబర్గు పండితునితో గూడి, ఆ మొక్కవలన ఆశాజనకమైన ఫలితము కలిగినదని లాన్సెట్ పత్రికలో ప్రకటించిన మాట నిజమే. తరువాతి పరీక్షలలో అది నిలువలేదు. మన పెరటిమొక్కయని గౌరవింపవచ్చును, దానిపై పరిశోధన సాగింపవచ్చును. దానిని నమ్మి రోగిచే మాత్ర మాన్పించుట మాత్రము కూడదు.

మా కోరిక లివి. సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. వంటి పరిశోధనాలయములు హైదరాబాదుననే యున్నవి. ఈ వ్యాధికి మందు వెదకు చిన్న కంపెనీలకు వాని సహాయమును, ప్రభుత్వధనమును ఏండ్లకొలది నిలుకడగా లభింపవలెను. తూర్పు ఆసియాలో బి, సి రకముల వైరసు ప్రబలమై యుండగా మనదేశమున డి, ఎ రకములు ముఖ్యముగా నున్నవి. కావున క్రొత్తమందుల పరీక్షలు మన రోగులతో గూడ, వారికి సర్వము తెలిపి సమ్మతిగొని, జరుగవలెను. ప్రజాధనముతో పెరిగిన కంపెనీని రేపు పరదేశపు సంస్థ కొన్నను, ఆ మందును ఈ దేశమున తగిన వెలకు తయారుచేయు హక్కు ఇచ్చటనే నిలుచునట్లు ధనమిచ్చు నాడే కరారు వ్రాయించుకొనవలెను. కొనువాడు దానిని అటకెక్కించినచో మరియొకరు చేపట్టుటకు వీలుండవలెను.

బ్లంబర్గు జన్మదినమైన జులై 28వ తేదీ ఏటేట కాలేయవ్యాధి దినముగా జరుగుచున్నది. ఊరేగింపులును ఉపన్యాసములును నుండును. ఆ సభలకు పోవు మన పఠనాలయ సభ్యులు, జిల్లా వైద్యాధికారులను రెండు సంగతు లడుగవలెనని కోరుచున్నాము: గడచిన యేట మీ జిల్లాలో ఎందరు గర్భిణులకు ఈ పరీక్ష జరిగినది? వ్యాధి యున్నదని తేలినవారిలో ఎందరు నేటికిని మీయొద్ద మాత్ర తీసికొనుచున్నారు?