తలుపు మీది గీతలు

దేవరకొండ దగ్గర మా బంధువుల ఇంట్లో తలుపు చెక్క మీద పెన్సిల్ గీతలున్నాయి. ఏటా ఉగాదికి పిల్లలిద్దరినీ ఆనించి గీస్తారు. తమ్ముడి గీతలు పైకి పోతూనే ఉన్నాయి. పదకొండేళ్ల అక్క గీతలు మాత్రం రెండేళ్లుగా ఒకదాని మీదే ఒకటి. "ఫ్లోరైడ్ నీళ్ల ఒళ్లు, ఇంకేం ఎదుగుతది?" అన్నది నాయనమ్మ. నల్గొండలో ఎముకకు ఏమైనా నేరం నీళ్లదే. తరాలుగా పడ్డ బాధ అది, కాదనలేం. ఈసారి మాత్రం నీళ్ల తప్పు లేదు. పిల్లకు టైప్-1 షుగర్. "ఎక్కువేస్తే అలవాటైతది" అని డాక్టర్ రాసిన ఇన్సులిన్‌లో సగమే వేస్తున్నారు. అన్నమూ సగమే.

ఇన్సులిన్ అంటే షుగర్ దించే మందేనని మన లెక్క. తప్పంతా అక్కడే ఉందంటాను. ఎదుగుదల హార్మోన్ మెదడు కింది గ్రంథిలో పుట్టినా, ఎముకను సాగదీయడానికి కాలేయంలో తయారయ్యే ఐజీఎఫ్-1 తోడు కావాలి. ఇన్సులిన్ చాలకపోతే ఆ హార్మోన్ ఎంత పిలిచినా కాలేయం సరిగా పలకదు. తిన్న తిండిలోని చక్కెర మూత్రంలో పోతుంది. కాలేయం ఉబ్బి, ఎత్తు ఆగిపోయిన షుగర్ పిల్లల గురించి ఫ్రాన్స్ వైద్యుడు మోరియాక్ 1930లోనే రాశాడు.

ఇక పస్తులు. 1922 జనవరిలో టొరంటోలో తొలి ఇన్సులిన్ సూది వేయించుకున్న లెనార్డ్ థాంప్సన్‌కు 14 ఏళ్లు, బరువు 30 కిలోలైనా లేదు. అప్పటిదాకా ఉన్న వైద్యం కడుపు మాడ్చడమే. వందేళ్లు దాటినా మా వాళ్ల వంటింట్లో అదే నడుస్తోంది!

హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో 1987–90 నడుమ ఒక పరిశీలన జరిగింది. సగం ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు అదనపు తిండి పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే, మిగతా ఊళ్ల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తున్నారు, వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తోంది. వాళ్లు షుగర్ లేని మామూలు పిల్లలే, నిజమే. అయినా తిండి, ఇన్సులిన్, ఎత్తు ఎంత దగ్గరి చుట్టాలో తెలుస్తుంది.

సూది వేశాక షుగర్ పడిపోతుందేమోనన్న తల్లి భయం ఉత్తది కాదు. అందుకే బడి సంచిలో చక్కెర పొట్లం పెట్టుకోమన్నాను, మోతాదు మాట డాక్టర్‌తోనే తేల్చుకోమన్నాను. నాయనమ్మ అంతా విని, మూతున్న డబ్బాలో ఇన్సులిన్ సీసా పెట్టి, తడి ఇసుక పోసిన కుండలో దించింది.

"ఫ్రిజ్ కన్నా ఇదే నయం, కరెంటు పోదు" అన్నది.