పేరు కోయవద్దు, పెట్టె పెంచండి

కంప్యూటర్ సంగతి అనగానే పక్క కాగితానికి పోవద్దు. ఇది మన పేర్ల సంగతి.

మా తొమ్మిదో తరగతికి సి భాష చెబుతున్నారు. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ అనే ఆయన దాన్ని తయారు చేశారు. అందులో అంకె దాచుకునేదానికి చోటు ఉంది, ఒక్క అక్షరం దాచుకునేదానికి చోటు ఉంది. పేరు దాచుకునేదానికి మాత్రం విడిగా ఏమీ లేదు. అక్షరాలను వరసగా పేర్చి చివర ఒక సున్నా పెట్టాలి. ఆ సున్నా తెర మీద కనబడదు. పేరు ఇక్కడితో అయిపోయింది అని మిషనుకు చెప్పేది అదే. ఇట్టా పేర్చిన దాన్ని స్ట్రింగ్ అంటారు.

ఒక పేరైతే ఇబ్బంది లేదు. పేర్ల జాబితా రాయాలంటేనే అసలు తంటా.

మొదట మాకు నేర్పిన పద్ధతి మన ట్రంకు పెట్టెల లాంటిది. ఇన్ని పెట్టెలు కావాలి, ఒక్కో పెట్టెలో ఇన్ని గళ్లు ఉండాలి అని ముందే చెప్పాలి. నేను 5 పెట్టెలు, ఒక్కోదానికి 12 గళ్లు అని రాశాను. 12 చాలులే అనుకున్నా. మొదటి పేరు మా అమ్మదే పెట్టాను, చెంచులక్ష్మి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే 14, చివరి సున్నాతో 15. రెండో పేరు ఊరికే పోలమ్మ అని పెట్టాను. మొదటి పేరు చూపించు అంటే తెర మీద ఏం వచ్చిందో తెలుసా? చెంచులక్ష్‌పోలమ్మ! పక్కనున్న పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ, ఎట్టా జరిగిందో తెలిసేదాకా నాకు అన్నం దిగలేదు.

జరిగింది ఇదీ. 12 గళ్లు నిండినా సి భాష ఆగదు, చాలదని కూడా చెప్పదు. మిగతా అక్షరాలను పక్క పెట్టెలో పోసేస్తుంది. తర్వాత పోలమ్మ వచ్చి తన పెట్టెలో కూర్చునేసరికి అమ్మ పేరు తోక, ఆ తోక చివర ఉన్న సున్నా చెరిగిపోయాయి. పేరు యాడ ఆగాలో తెలియక మిషను రెండు పేర్లూ కలిపి చదివింది. ఇది మా గదిలో నవ్వులాట గానీ, 1988 నవంబరులో అమెరికాలో మోరిస్ వార్మ్ అనేది వేల కంప్యూటర్లలో దూరింది. అది వాడుకున్న దారుల్లో ఇట్టా పొంగి పొర్లడం ఒకటి. లోపల ఎన్ని గళ్లున్నాయో చూడకుండా వచ్చిందంతా పోసే గెట్స్ అనే ఫంక్షన్ అక్కడ ఉంది. దాన్ని సి భాష నియమాల నుంచి 2011లో తీసేశారు.

సరే, 11 అక్షరాలే తీసుకో అని స్కాన్ఎఫ్‌కు హద్దు పెట్టాను. ఈసారి పేరు చెంచులక్స్ దగ్గర ఆగింది. మిగిలిన మూడక్షరాలు, హెచ్, ఎం, ఐ, పారిపోలేదు. వాకిట్లోనే నిలబడి రెండో పేరుగా లోపలికి వచ్చాయి! మా జాబితాలో హెచ్ఎంఐ అని కొత్త పిల్ల చేరింది. ఉన్నవి 5 పెట్టెలే గదా, అందరూ ఒక్కో అడుగు వెనక్కి జరిగి, చివరి పిల్లకు చోటే లేకుండా పోయింది. పేరు మధ్యలో ఖాళీ ఉన్నా ఇంతే. స్కాన్ఎఫ్ ఖాళీ దగ్గర ఆగుతుంది, ఇంటిపేరు ఒక పిల్ల, సొంత పేరు ఇంకో పిల్ల అవుతారు.

ఇక్కడే నాకూ మా తరగతి పిల్లలకూ వాదన వచ్చింది. ‘పొట్టిగా కొట్టేస్తే పోలా, ఇంటిపేరు ఎందుకు, చెంచు అని పెట్టు చాలు’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడూ ఒప్పుకోను. మా అమ్మ నిమ్మతోటల్లో కూలికి పోతుంది. ఒకసారి ఒక కాగితంలో అమ్మ పేరు చివరి అక్షరాలు లేకుండా పడింది. ఇంకో కాగితంలో పూర్తిగా ఉంది. రెండూ కలవలేదు కాబట్టి నువ్వు నువ్వు కాదన్నారు. దానికోసం తిరిగి రెండు రోజుల కూలి పోయింది. అమ్మకు చదువు రాదు, యాడ తెగిందో ఆమెకు తెలియదు. నాకు ఇప్పుడు తెలిసింది. ఎవరో నాలాగే 12 చాలులే అనుకుని ఉంటారు.

గళ్లు పెంచితే మిషనుకు బరువు అంటారా? లెక్క వేశాను. 40 మందికి ఒక్కొక్కరికి 100 గళ్లు ఇచ్చినా 4,000 బైట్లు. మన గదిలోని పాత కంప్యూటర్‌కు కూడా అది పిడికెడు బియ్యం. వారాల పేర్లకైతే కొలిచిన పెట్టెలు పెట్టుకోండి, నేను కాదనను. ఇంగ్లీషులో అన్నిటికంటే పొడుగైనది బుధవారమే, 9 అక్షరాలు, 10 గళ్లు సరి. ఎనిమిదో వారం ఎప్పటికీ రాదు. హాస్టల్‌కు మాత్రం ఏటా కొత్త పిల్లలు వస్తారు.

ఇంకా మంచి పద్ధతి ఒకటి ఉంది. ముందు ఎఫ్‌గెట్స్‌తో వరస మొత్తం ఒక పెద్ద పళ్లెంలోకి తీసుకోవాలి. చివర వచ్చే ఎంటర్ గుర్తును తీసేయాలి. స్టర్‌లెన్‌తో పేరు కొలవాలి. ఆ కొలతకు ఒకటి కలిపి (సున్నా కోసం, మర్చిపోవద్దు) మాలాక్‌ను చోటు అడగాలి. అందులోకి పేరును స్టర్‌కాపీతో దించాలి. జాబితాలో పేర్లు ఉండవు, ఏ పేరు యాడుందో చెప్పే చీటీలు ఉంటాయి. వీటినే పాయింటర్లు అంటారు. అక్షరక్రమంలో పెట్టాలంటే చీటీలు మారిస్తే చాలు, పెట్టెలు మోయక్కర్లేదు. నేను మొదటిసారి పేరును దించకుండా ఐదు చీటీల మీదా ఆ పళ్లెం చిరునామానే రాశాను. ఐదుగురూ చివరి పిల్ల పేరుతోనే వచ్చారు!

తెలుగులో రాస్తే ఇంకో చిత్రం. యూనికోడ్‌ను యూటీఎఫ్ 8 పద్ధతిలో దాస్తే మన ఒక్కో గుర్తుకు 3 బైట్లు. చెంచులక్ష్మి మనకు నాలుగు అక్షరాలు. స్టర్‌లెన్ 36 అంటుంది. వత్తులూ గుణింతాలూ సున్నా అన్నీ విడివిడిగా 12 గుర్తులు మరి. 20 గళ్ల పెట్టెలో కుక్కితే చెంచుల వరకు వచ్చి, తర్వాత గుర్తు మూడో వంతు తెగి పిచ్చి గీత పడుతుంది. వరస కూడా మన గోడ మీది అక్షరమాల కాదు, ళ అక్షరం వ కంటే ముందే వచ్చేస్తుంది.

పోల్చే పని స్టర్‌కంప్‌ది. దానికి మనుషులు తెలియరు, అంకెలే తెలుసు. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు తెగల ఇంగ్లీషు జాబితాలో మావాళ్ల పేరు వై తర్వాత ఈ అక్షరంతో, చివర ఎస్‌తో ఉంటుంది. బయట చాలామంది వై తర్వాత ఏ రాస్తారు. ఏ అంటే 65, ఈ అంటే 69. నాలుగంకెల తేడాకే ఇద్దరూ వేరు అంటుంది. అదే వరసలో చెల్లా యానాది, కప్పల యానాది, మంచి యానాది, రెడ్డి యానాది అని కామాలతో ఉన్నాయి. కామా దగ్గర స్టర్‌టోక్‌తో విడగొడితే రెండో పేరు నుంచి ప్రతిదాని ముందు ఒక ఖాళీ మిగులుతుంది. కంటికి కనబడని ఆ ఖాళీకే మళ్లీ వేరు! అందుకే పోల్చే ముందు ఖాళీలు తీసేయాలి, రెండు రాతలూ ఒకరివే అని మనమే దానికి చెప్పి పెట్టాలి. ఆ పని రాసేవాళ్లది గానీ, కాగితం పట్టుకుని తిరిగేవాళ్లది కాదు.

వార్డెన్ మేడం గారికి నా మనవి. మన పేర్లు కంప్యూటర్‌లో ఎక్కించేముందు ఒక్కొక్కరినీ పిలిచి, నీ పేరు నువ్వు ఎట్టా రాస్తావు అని అడగండి. ఆధార్‌లో ఒక రకంగా, ఇక్కడ ఒక రకంగా ఉంటే పదో తరగతి రాకముందే సరిచేసుకోవచ్చు. భోజనాల హాలు తలుపు దగ్గర ఒక నోటు పుస్తకం తాడుతో కట్టి పెట్టాను. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి పూర్తిగా రాయండి. రాయడం ఇంకా రాని చిన్న చెల్లెళ్లు సాయంత్రం ఆట బెల్లు అయ్యాక నా దగ్గరికి రండి, చెబితే నేను రాస్తాను. గీతలు దాటినా ఫర్వాలేదు, పక్క పేజీలోకి పోయినా రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని, గూడూరు