చిల్లిగవ్వ లేకున్నా పట్నం మనదే!

 

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ చదువు గురించి, క్రమశిక్షణ గురించి, తల్లిదండ్రుల త్యాగం గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. అవన్నీ అవసరమే. ఈసారి మేము మాత్రం తిరుగుడు గురించి రాయదలిచాము. నవ్వకండి. జేబులో డబ్బు లేని విద్యార్థి ఇంత పెద్ద పట్నంలో ఎట్లా తిరగాలి, అసలు ఎందుకు తిరగాలి అన్నదే మా వ్యాసం.

మేము టోలిచౌకిలో ఉండి చదువుకుంటున్న వాళ్ళము. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఒక దిక్కు గోల్కొండ కోట, ఇంకో దిక్కు ఫిల్మ్‌నగర్ గుట్ట కనిపిస్తాయి. ఒకటి రాజులు కట్టుకున్నది, రెండోది సినిమావాళ్ళు కట్టుకున్నది. రెండింటి నడుమ ఇరవై మందికి ఒక నల్లా దగ్గర బకెట్లు పట్టుకుని నిలబడేది మేము. ఈ రెండు దిక్కులూ మావి కావనే మొదటి ఏడాదంతా అనుకున్నాము.

అట్లా అనుకోవడానికి కారణం ఉంది. వచ్చిన కొత్తలో నలుగురం కలిసి ఒక పెద్ద షాపింగ్ మాల్ చూద్దామని పోయాము. దాని పేరు ఇక్కడ అనవసరం. గేటు దగ్గర గార్డు మా ముఖాలు చూడలేదు, కాళ్ళు చూశాడు. కాళ్ళకు హవాయి చెప్పులున్నాయి. "ఏం కొంటారు?" అని అడిగాడు. కొనేది ఏమీ లేదని నిజమే చెప్పాము. లోపలికి పంపలేదు. తిరిగి వస్తుంటే ఎవరమూ మాట్లాడుకోలేదు. ఆ తరువాత ఎన్నో ఆదివారాలు మంచం మీద పడుకుని ఫోను చూస్తూ గడిపేశాము. పట్నంలో ఉండి పట్నాన్ని ఫోనులో చూసిన ఘనులం మేము!

ఇది మా ఒక్కరి కథ కాదని తరువాత తెలిసింది. నారాయణఖేడ్ దిక్కు నుంచి వచ్చిన ఒక సీనియర్ అన్న మూడేళ్ళ డిగ్రీలో చూసినది హాస్టలు, కాలేజీ, మెహిదీపట్నం బస్‌స్టాపు. అంతే. ఉద్యోగం ఇంటర్వ్యూలో "హైదరాబాదులో మీకు నచ్చిన ప్రదేశం గురించి చెప్పండి" అని అడిగితే చార్మినార్ అన్నాడట. "ఎప్పుడు వెళ్ళారు?" అన్న రెండో ప్రశ్నకు జవాబు లేకపోయింది. ఆ సంగతి నవ్వుతూనే చెప్పాడు గాని మాకు నవ్వు రాలేదు.

మన ప్రభుత్వం ఇంటర్, ఆపై చదువుల హాస్టల్ విద్యార్థులకు నెలకు 1,500 రూపాయలున్న డైట్ ఛార్జీని 2024లో 2,100 చేసింది. సంతోషమే. కాని ఆ డబ్బు అన్నంలోకి, పప్పులోకి పోయేది. పట్నం చూడటానికి ఏ పద్దు కిందా పైసా రాదు. మరి చూడకుండానే వెళ్ళిపోవాలా? అక్కర్లేదని మా అభిప్రాయం. ఈ ఊరిలో చూడదగినవి, వినదగినవి, చదవదగినవి చాలావరకు ఉచితమే. రెండేళ్ళు తిరిగి తెలుసుకున్నాము కనుక చెబుతున్నాము.

మొదట మన ఇంటి ముందరి సంగతి. గోల్కొండ లోపలి కోటకు టిక్కెట్టు ఉంది. కాని గోల్కొండ అంటే లోపలి కోట ఒక్కటే కాదు. 87 బురుజులు, 8 దర్వాజాలు ఉన్న బయటి గోడ అంతా ఉంది. బంజారా దర్వాజా నుంచి, ఫతే దర్వాజా నుంచి మనుషులూ ఆటోలూ రోజూ తిరుగుతూనే ఉంటాయి. లోపల ఇళ్ళున్నాయి, బడులున్నాయి, కూరగాయల బండ్లున్నాయి. టోలిచౌకి నుంచి పొద్దున్నే నడుచుకుంటూ పోతే ఎవరూ టిక్కెట్టు అడగరు. ఇక ఆషాఢమాసం వస్తే పట్నంలో బోనాలు మొదలయ్యేది గోల్కొండ జగదాంబ అమ్మవారి దగ్గరే. లంగర్‌హౌజ్ నుంచి ఊరేగింపు కదిలితే డప్పులు, పోతరాజులు, తొట్టెలు, తల మీద బోనాలతో అక్కలు, అమ్మలు. ఊళ్ళో జాతర గుర్తుకొచ్చి మా వాళ్ళలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

కోట నుంచి చార్మినార్ దిక్కు పోయే పాత దారిలో కార్వాన్‌లో టోలి మసీదు ఉంది. 1671లో మూసాఖాన్ కట్టించాడు. దానికే దమ్రీ మసీదు అని ఇంకో పేరు. మక్కా మసీదు పనికి ఖర్చయిన ప్రతి రూపాయికి ఒక దమ్రీ చొప్పున తన వంతు కూడబెట్టి ఆ సొమ్ముతో దీన్ని కట్టించాడని చెబుతారు. దమ్రీ అంటే చిల్లర నాణెం. చిల్లరతో కట్టిన మసీదు మూడున్నర శతాబ్దాలుగా నిలిచి ఉంది. చిల్లర మాత్రమే ఉన్న మనం దాని ముందు ఒకసారి నిలబడవద్దా?

ఫిల్మ్‌నగర్ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. మేమూ హీరోల ఇళ్ళ ముందు నిలబడ్డాము. ఒక ఆదివారం నాలుగు గంటలు నిలబడితే కనిపించినవి నల్ల అద్దాల కారు ఒకటి, కుక్కను తిప్పుతున్న పనిమనిషి ఒకరు. అది తప్పు అనము, వయసు అట్లాంటిది. కాని అక్కడికి పోయినప్పుడు రామానాయుడు స్టూడియో గేటు చూసి వెనుదిరగకుండా, కృష్ణానగర్ దాకా కూడా పోయి చూడండి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, డ్రైవర్లు పొద్దున్నే షూటింగ్ బండ్ల కోసం ఎదురుచూస్తుంటారు. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా ఇక్కడికి తరలివచ్చి నిలదొక్కుకున్నది వీళ్ళ చేతుల మీద కూడా. అది చూసినాక సినిమా చూసే మన చూపు మారుతుంది.

మెహిదీపట్నం మీదుగా బస్సెక్కితే నాంపల్లి. అక్కడి పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్ల కింద కూర్చోవడానికి డబ్బు అడగరు. అటు నుంచి నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్ ఉంది. రాజస్థాన్ నుంచి తెచ్చిన పాలరాతితో కట్టి 1976లో తెరిచారు. గంటలు కట్టని గుడి అది, ప్రశాంతంగా ఉండాలని. సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుంటే హుస్సేన్‌సాగర్ మొత్తం కనిపిస్తుంది.

అక్కడి నుంచి ట్యాంక్‌బండ్ నడక దూరమే. చెరువు మధ్యలో బుద్ధుడి దాకా పోవాలంటే పడవ టిక్కెట్టు కావాలి. గట్టు మీద నుంచి చూస్తే అక్కర్లేదు. 1990లో తరలిస్తుంటే పడవ మునిగి విగ్రహం నీళ్ళ అడుగుకు పోయింది, మనుషుల ప్రాణాలూ పోయాయి. మళ్ళీ పైకి తీసి 1992 డిసెంబర్ 1న నిలబెట్టారు. ఆ కథ తెలిసి చూస్తే అది ఫోటో దిగే బొమ్మగా కనిపించదు. గట్టు వెంబడి 1980లలో పెట్టిన విగ్రహాలు 33 ఉన్నాయి. ఒక్కొక్కటి ఆగి చదువుకుంటూ పోతే తెలుగువాళ్ళ చరిత్ర సగం పూర్తవుతుంది. అంటరానితనం బాధను పద్యంలో పెట్టిన జాషువా అక్కడున్నాడు. రామాయణం రాసిన కుమ్మరి ఆడబిడ్డ మొల్ల ఉంది. కార్మికుల కోసం నిలబడ్డ మఖ్దూం ఉన్నాడు. వాళ్ళ ముందర నిలబడినప్పుడు మన చెప్పులు ఎవరూ చూడలేదు.

చదువుకునే వాళ్ళకి ఇంకా పెద్ద నిధి ఉంది. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైంది. కూర్చుని చదువుకుంటే రుసుము లేదు. పోటీ పరీక్షలకు వందల మంది అక్కడా, చిక్కడపల్లి గ్రంథాలయంలోనూ పొద్దున నుంచి కూర్చుంటారు. సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే చోటు లేని రోజుల్లో పట్టుబట్టి పెట్టిన గ్రంథాలయం అది. ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. కొనకుండా తిరగేసినా చాలామంది ఏమీ అనరు. సాయంత్రాలు రవీంద్రభారతిలో, త్యాగరాయ గానసభలో నాటకాలు, నృత్యాలు, పుస్తకావిష్కరణలు జరుగుతుంటాయి. వాటిలో చాలావాటికి టిక్కెట్టే ఉండదు. 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్‌లో పాటలు, సినిమాలు, చర్చలు ఉంటాయి. మొదటిసారి వెనుక వరుసలో భయం భయంగా కూర్చున్నాము. మూడోసారి మా వాడొకడు లేచి ప్రశ్న అడిగాడు. తెలుగులోనే అడిగాడు. జవాబు చెప్పారు.

టిక్కెట్టు ఉన్నవాటికీ దారులున్నాయి. చార్మినార్, గోల్కొండ వంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాలకు 15 ఏళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. కింది తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ప్రపంచ వారసత్వ దినమైన ఏప్రిల్ 18న ఈమధ్య ఏళ్ళలో అందరినీ ఉచితంగా పంపుతున్నారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. మగపిల్లలకు బస్‌పాస్ ఉంది. మా ఆదివారం ఖర్చు రాసి చూసుకుంటే ఇరానీ చాయ్ వన్ బై టూ, వేయించిన పల్లీలు, అంతే. నీళ్ళ సీసా హాస్టల్ నుంచే. అసలు త్యాగం ఇంకోటి ఉంది. ఆదివారం మధ్యాహ్నం మెస్సులో చికెన్! దాన్ని వదిలి రావాలంటే మనవాళ్ళకి ప్రాణం పోయినంత పని. దానికీ మందు కనిపెట్టాము. వంతుల వారీగా ఒకరు ఉండిపోయి మిగతావాళ్ళ ప్లేట్లు తీసి పెడతారు.

"చదువుకోమని పంపితే తిరుగుళ్ళు నేర్పుతారా?" అని పెద్దలు అడగవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. పరీక్షల ముందు తిరగమని మేము చెప్పడం లేదు. కాని ఆదివారం గదిలో ఉన్నంత మాత్రాన చదువుతున్నట్టు కాదని వార్డెన్ గారికీ తెలుసు, మాకూ తెలుసు. ఇంకొందరు "ఉచితం అంటే బిచ్చం" అంటారు. ఆ మాట మాత్రం ఒప్పుకోము.

మిత్రులారా, అందరికీ తెరిచి ఉన్న చోటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. బావులు, సత్రాలు, బడుల వంటి ప్రజాస్థలాలు అంటరానివారికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో బోలే తీర్మానం చేసింది. కాగితం మీద తెరుచుకున్నా మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు ముట్టనివ్వలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి పోయి దోసిట నీళ్ళు తాగవలసి వచ్చింది. మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతోనే జనాన్ని కూడగట్టాడు. చెరువు గట్టు మీద నడవడం, గ్రంథాలయంలో కుర్చీ లాక్కుని కూర్చోవడం మన ముందువాళ్ళు కొట్లాడి తెచ్చిన హక్కులు. వాడుకోని హక్కు మూలన పడ్డ ట్రంకు పెట్టె లాంటిది, తుప్పు పడుతుంది.

ఒక సంగతి చెప్పి ముగిస్తాము. మా గదిలో ఒక మిత్రుడి నాయన పాలమూరు నుంచి వచ్చి పట్నంలో మేస్త్రీల కింద పనిచేశాడు. కొడుకును చూడటానికి వచ్చినప్పుడు అందరం కలిసి బస్సులో తీసుకుపోయాము. దారిలో ఒక అద్దాల భవనం చూపించి, "దీనికి స్లాబ్ పోసిన రోజు రాత్రంతా నిద్రలేదు బిడ్డా" అన్నాడు. లోపల ఎట్లుంటుందని అడిగితే "నాకేం ఎరుక, కట్టినంకల మళ్ల పోనియ్యలే" అన్నాడు. ఆ సాయంత్రం బిర్లా మందిర్ మెట్ల మీద, ట్యాంక్‌బండ్ మీద చాలాసేపు కూర్చున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు "ఎన్ని పైసలైనయ్ రా?" అని కొడుకును అడిగాడు. ఏమీ కాలేదంటే నమ్మలేదు. ఇరవై ఏళ్ళు ఈ పట్నానికి ఇటుకలు మోసిన మనిషికి, ఇక్కడ ఊరికే కూర్చోవచ్చన్న సంగతి చెప్పిన వాళ్ళు లేరు.

అందుకే మా కోరికలు మూడు. మొదటిది, హాస్టల్ నోటీసు బోర్డు పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీద్దాము. ఎవరు ఎక్కడికి పోయినా ఏ బస్సెక్కారు, ఎంతైంది, ఏ రోజు సెలవు అన్నది అందులో రాయాలి. రెండవది, ఈ మంచి కార్యక్రమాలన్నీ సాయంత్రం ఆరు తరువాతే మొదలవుతాయి. బాలికల హాస్టల్ గేటు అప్పటికే పడుతుంది. బస్సు ఉచితమై గేటు మూసి ఉంటే మన చెల్లెళ్ళకు ఏం లాభం? నెలకొక్కసారైనా మేట్రన్ గారి అనుమతితో, గుంపుగా, తొమ్మిది దాకా పోయివచ్చే ఏర్పాటు చేయాలని వినయంగా కోరుతున్నాము. మూడవది పూర్వ విద్యార్థులకు. అన్నలారా, అక్కలారా, ప్రతి ఏటా మీరు వచ్చి బిర్యానీ పెట్టిస్తున్నారు, మీ మేలు మరువము. ఈ ఏడు బిర్యానీతో పాటు ఒక ఆదివారం కూడా ఇవ్వండి. కొత్తగా చేరిన పదిమందిని వెంటబెట్టుకుని పట్నం తిప్పండి. మొదటిసారి గేటు దాటేటప్పుడు పక్కన తెలిసిన మనిషి ఉంటే చాలు, రెండోసారి వాళ్ళే పోగలరు.

వచ్చే ఆదివారం మేము పొద్దున ఆరు గంటలకు బంజారా దర్వాజా దిక్కు బయలుదేరుతున్నాము. రాదలచినవారు నీళ్ళ సీసా తెచ్చుకోండి. చికెన్ ప్లేటు సంగతి మేము చూసుకుంటాము.