గుమాస్తా జేబుపుస్తకం: తగ్గిన బండి

తగ్గినవాడే నెగ్గుతాడని పెద్దల మాట. ఆ మాటను ఈమధ్య ఒక మోటారు సైకిలు మీద పరీక్షించవలసి వచ్చింది. దాని ఫలితం చదువరులకు విన్నవిస్తున్నాను. మోటారు సైకిళ్ళతో మనకేమి పని అని పెద్దలు పుట తిప్పవద్దని మనవి. ఈనాడు తులసికోట లేని వాకిలి అయినా కనిపిస్తుందేమో గాని, బండి లేని వాకిలి కనిపించదు.

మా అక్క కొడుకు ఇక్కడే యశ్వంతనగరులో మాకు రెండిళ్ళ అవతల ఉంటాడు. ఇరవై రెండేళ్ళవాడు, బుద్ధిమంతుడు. ఐ.టి.ఐ. చదివి, గనుల దగ్గర యంత్రాలు బాగుచేసే పనిలో చేరినాడు. పోయిన దసరాకు వాయిదాల మీద యమహా ఆర్15 బండి కొన్నాడు. జామీను సంతకం నాది.

నెల తిరక్కముందే, "మామా, బండిని కొంచెం తగ్గించాల. రెండువేలు సర్దు" అని వచ్చినాడు. తగ్గించేది వాయిదా అనుకొని సంతోషించినాను. కాదట, ఎత్తు తగ్గించడమట. "రెండంగుళాలు దించితే నేలకు అతుక్కొని పోతుంది మామా, పందెపు బండి మాదిరి!" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఫైలు చదవనిదే సంతకం పెట్టని మనిషిని, మేనల్లుడి ముఖం చూసి ఒక ప్రశ్న అయినా వేయకుండా డబ్బు ఇచ్చినాను.

తరువాత పదిహేను రోజులకు వాడు వాళ్ళమ్మను వెనుక కూర్చోబెట్టుకొని హోసపేటలో పెళ్ళికి పోయినాడు. తిరిగి వచ్చేటప్పుడు సండూరు కొండల మలుపులో బండి వాలీ వాలగానే అడుగున ఉన్న ఇనుము రోడ్డును గీసింది. వెనుక చక్రం జారింది. వేగం ఎక్కువ లేదు, ఇద్దరి తలల మీదా హెల్మెట్లు ఉన్నవి, వెనుక లారీ రాలేదు. ఈ మూడింటి వల్ల మా అక్క కుడిచేతి మణికట్టు విరగడంతో సరిపోయింది. ఆరు వారాలు కట్టు. ఆమె కొడుకును ఒక్క మాట అనలేదు. నన్ను మాత్రం అడిగింది: "వానికి తెలీదు, సరే. నువ్వు ఇదేందని అడగకుండా ఎట్లిచ్చినావురా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. చదవవలసిన ఫైలు అప్పుడు చదివినాను.

బండిని దించడం రెండు చోట్ల జరుగుతుంది. ముందు చక్రాన్ని పట్టుకొన్న రెండు ఫోర్కు గొట్టాలకు హ్యాండిలు దగ్గర బిగింపులుంటాయి. వాటిని వదులు చేసి గొట్టాలను కొంత పైకి జరిపి మళ్ళీ బిగిస్తే ముందు భాగం దిగుతుంది. వెనుక చక్రానికీ, మధ్యలో ఉండే ఒంటి స్ప్రింగుకూ నడుమ లింకులనే చిన్న ఇనుప బద్దలుంటాయి. వాటిని తీసి పొడుగు బద్దలు వేస్తే వెనుక భాగం దిగుతుంది. చూడడానికి ఒక పూట పని. కాని బండి కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వెనుక మాత్రమే దించితే ముందు ఫోర్కు మరింత ఏటవాలై హ్యాండిలు మొద్దుబారుతుంది. దీపం ఎదుటివాడి కళ్ళలోకి కొడుతుంది. ముందు మాత్రమే దించితే హ్యాండిలు మరీ చురుకై చిన్న గుంటకే అదురుతుంది. రెండూ సమంగా దించినా పక్క స్టాండు పొడుగైపోతుంది; దాన్ని కోసి అతికించకపోతే నిలబెట్టిన బండి అవతలికి పడుతుంది. గొలుసు బిగువు మళ్ళీ చూసుకోవాలి. ముందు చక్రం పూర్తిగా కుంగినప్పుడు పైభాగానికి తగలకుండా జాగా మిగిలిందా అనీ చూడాలి. మావాడి బండిలో వెనుక బద్దలు మార్చినారే గాని, తక్కినవేవీ చూడలేదు.

అయితే పందెగాళ్ళు ఎందుకు దించుతారు? వాళ్ళు తెలివితక్కువవారు కారు. ఎద్దులబండిలో బరువంతా వెనుక వేస్తే కాడి పైకి లేస్తుంది గదా. మోటారు సైకిలును ఒక్కసారిగా ఉరికించినప్పుడు బరువు అట్లే వెనక్కు పోయి ముందు చక్రం లేస్తుంది. బండీ మనిషీ ఎంత ఎత్తున ఉంటే అంత తొందరగా లేస్తుంది. అందుకని డ్రాగ్ పందెంలో బండిని దించుతారు, ముందు ఫోర్కును పట్టీతో బిగించి కుదిస్తారు, వెనుక చేతిని పొడిగించి రెండు చక్రాల మధ్య దూరం పెంచుతారు. ఆ పందెం పావు మైలు, అంటే 1,320 అడుగులు. మన లెక్కలో 402 మీటర్లు. ఇద్దరు పక్కపక్కన బయలుదేరితే కొన్ని సెకండ్లలో తేలిపోతుంది. అమెరికాలో ఈ పిచ్చి రోడ్లమీద ముదిరి ప్రాణాలు పోతుంటే, వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో జాతీయ సంఘం పెట్టి, దాన్ని వీధిలోనుంచి తీసి హద్దులున్న పట్టీ మీద పెట్టినాడు. మన వైపు కూడా, మద్రాసు దగ్గర షోళవరంలో యుద్ధకాలపు విమానాల పట్టీ మీద 1950ల నుంచి మోటారు పందేలు జరిగినవి. తరువాత ఇరుంగాట్టుకోట్టైలో అందుకోసమే ట్రాకు కట్టినారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. ఆ పట్టీ మీద మలుపు లేదు, గుంట లేదు, ఎదురు బండి లేదు, వెనుక కూర్చున్న తల్లి లేదు. తిన్నగా పోవడం ఒక్కటే పని కాబట్టి, ఆ ఒక్క పనికి తక్కినవన్నీ వదులుకొన్నారు. మన రోడ్డు మీద మనకు కావలసినవి సరిగ్గా వాళ్ళు వదులుకొన్నవే.

పైగా, వాళ్ళ జబ్బు మనకున్నదా? సుజుకి హయబూసా వంటిది 1,340 సీసీల బండి, నూట తొంభై గుర్రాల దరిదాపు బలం. అది ముందు చక్రం లేపుతుంది. మావాడిది 155 సీసీలు, పద్దెనిమిది గుర్రాలు. దాన్ని లేవకుండా ఆపడానికి రెండువేలు పోయడం, పొరుగువాడి జ్వరానికి మనం కషాయం తాగినట్టు.

లెక్క కూడా వేసి చూసినాను. ఈ బండి అడుగుకూ నేలకూ నడుమ కంపెనీ ఇచ్చిన జాగా 170 మిల్లీమీటర్లు. రెండంగుళాలు, అంటే 50 పోతే 120. ఇద్దరెక్కితే స్ప్రింగు ఒక అంగుళం కుంగినా మిగిలేది 95. రోడ్ల కాంగ్రెసువారి నియమం ప్రకారం గుండ్రటి స్పీడు బ్రేకరు ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పుంటే బండి మొత్తం దానిమీదకెక్కి దిగుతుంది, అడుగు తగలదు. మన వీధుల్లోవి దూలం అడ్డం పడవేసినట్టుంటాయి. ముందు చక్రం దాటగానే కడుపు దానిమీద కూర్చుంటుంది. మలుపులోనూ అంతే: దిగిన బండి తక్కువ వాలుకే నేలను తాకుతుంది. ఖనిజం లారీలు ఎర్రమట్టి రాల్చిపోయే దారిలో అది తాకిందంటే చక్రం ఆగదు.

చట్టం సంగతీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. చక్రాల మధ్య దూరం ఆ పత్రంలోనే ఉంటుంది. కాబట్టి వెనుక చేతిని పొడిగించడం నేరుగా దీనికిందికి వస్తుంది. 2019 సవరణ తరువాత, అనుమతిలేని మార్పు ఒక్కొక్కదానికి అయిదువేల రూపాయల జుల్మానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉన్నవి. రోడ్డు మీద పందెం వేయడం 189వ సెక్షను కింద వేరే నేరం. చట్టం మాట అట్లుంచండి. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 2010లో కోట శ్రీనివాసరావు గారి కుమారుడు, 2011లో అజారుద్దీన్ గారి కుమారుడు బైకు ప్రమాదాలలో పోయినారు. డబ్బుకూ పేరుకూ కొదువలేని ఆ తండ్రులే బిడ్డలను దక్కించుకోలేకపోయినారు. మనమెంత?

ఇంతా చెప్పి, దించడమే పాపమని అనలేను. మా అమ్మాయి అయిదడుగులది. ఈ బండి సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు. కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే ఆనుతాయి. అట్లాంటివారికి ఎత్తు నిజమైన ఇబ్బందే. కాని వారికి సులువైన మార్గాలున్నవి. సీటులోని నురుగును కొంత చెక్కించవచ్చు. మందపు అడుగున్న బూట్లు తొడగవచ్చు. ఆగినప్పుడు నడుము కొంచెం పక్కకు జరిపి ఒక్క కాలు పూర్తిగా ఆనించడం నేర్చుకోవచ్చు. కొనేముందే అయితే, 737 మిల్లీమీటర్ల సీటున్న అవెంజరు వంటిది చూసుకోవచ్చు. బండిని తనకు దించుకోవడం కన్న, తనకు తగిన బండి తెచ్చుకోవడం మేలు.

మావాడు పాత బద్దలు తానే బిగించినాడు. నేను పక్కన కూర్చొని కొలబద్ద పట్టుకొన్నాను. అడుగున 170 వచ్చిందాకా లేవలేదు. వాడికొక మాట కూడా ఇచ్చినాను: వాయిదాలు తీరినాక మద్రాసుకు తీసుకుపోయి, ట్రాకు మీద జరిగే డ్రాగ్ పందెం చూపిస్తాను. అంతగా కావాలంటే, లైసెన్సు తీసుకొని అక్కడే ఉరికించవచ్చు. నేను గట్టున నిలబడి చప్పట్లు కొడతాను.

మా అక్క కట్టు పోయిన వారం విప్పినారు. చేయి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. చపాతీలు ఒత్తడం మా ఆవిడ పని అయింది. వాడు రోజూ పనికి పోయేముందు వాళ్ళమ్మకు బిందెలతో నీళ్ళు పట్టి పోతున్నాడు. తగ్గినవాడు నెగ్గుతాడన్న మాట మనిషికి సరిపోయింది. బండి మాత్రం చేసినవాడు పెట్టిన ఎత్తులోనే ఉండనిద్దాం.

మీ యింటి పిల్లవాడు బండి పనికని డబ్బడిగితే ఇవ్వండి. కాని ముందు, "ఇదేందిరా?" అని ఒక మాట అడగండి.