చిన్న బండికి ఏ రోడ్డు?

తెల్లవారుజామున పహాడీ షరీఫ్ దర్గా గుట్ట కింద, శ్రీశైలం రోడ్డు మీద చూస్తే చిన్న వ్యాన్లే ఎక్కువగా కనిపిస్తాయి. కందుకూరు, తుక్కుగూడ వైపు నుంచి కూరగాయలు వేసుకుని నగరానికి పోయే బండ్లవి. జనం వీటికి పెట్టుకున్న పేరు ‘చోటా హాథీ’.

2005లో వచ్చిన తొలి టాటా ఏస్‌కు రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్ ఇంజను. శక్తి 16 హార్స్ పవరు. మోసే బరువు ముప్పాతిక టన్ను. లెక్క చూస్తే బలం లేని బండే. అయినా ఊరూరా నిలదొక్కుకుంది.

అందుకు కారణం మన రోడ్లే. ఊరి బాటలో గతుకులు, అడ్డం వచ్చే గేదెలు. చాంద్రాయణగుట్ట చేరితే కిక్కిరిసిన బజారు. ఈ దారిన నలభై దాటి పోయేదెవరు? ఎవరూ వేగం ఆశించని చోట వేగం లేకపోవడం లోపం కాదు. ఇరుకు సందులో మళ్ళాలి, తక్కువ ఖర్చుతో నడవాలి. రైతు కోరేది అంతే.

అదే బండి తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే కథ మారుతుంది. అక్కడ వేగ పరిమితిని 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచారు. విమానాశ్రయానికి పరుగెత్తే కారు డ్రైవరు, ముందున్న బండి కూడా అదే జోరున పోతుందనుకుంటాడు. నిండు బరువుతో రొప్పుతూ పోయే పాత వ్యాను అతనికి దాదాపు ఆగివున్న బండితో సమానం.

ఈ తేడా మన దగ్గరే కాదు. జపాను పల్లెల్లో 660 సీసీ బుల్లి ట్రక్కులు రైతుకు కుడిభుజం. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు వాటినే పెద్ద రహదారులపైకి రానివ్వలేదు. బండి ఒకటే, రోడ్డు, దాని మీది అలవాట్లు వేరు.

కాబట్టి అప్పు చేసి బండి కొనే యువకులు ధర ఒక్కటే చూడరాదు. రోజూ ఏ రోడ్డున పోవాలో ముందు ఆలోచించాలి. రింగు రోడ్డు మీద బేరాలే ఎక్కువైతే, ఇంకాస్త శక్తిగల బండి కొనడం మేలు. పాత బండి ఉన్నవారికి సర్వీసు రోడ్డు శ్రేయస్కరం. శివరాత్రికి దాని నిండా మనుషులను ఎక్కించి మన్ననూరు దాటి ఘాట్ రోడ్డెక్కడం ఎంతమాత్రం తగదు.

అధికారులు సర్వీసు రోడ్లను గుంతలు లేకుండా, రాత్రివేళ దీపాలతో ఉంచాలి. వేగంగా పోయేవారికి ఎనిమిది వరుసల రోడ్డు ఉంది. నెమ్మదిగా పోయేవాడికి సక్రమమైన దారి ఒకటైనా ఉండాలి కదా!