ఫోను అతనిది, మాట ఆమెది

'మనం దాచుకోవలసింది ఏముంది?' వీడియో కాల్‌కి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మన సంఘాల్లో వినిపించే మొదటి మాట ఇది. వెంటనే రెండో మాట: 'అందరి దగ్గరా ఏది ఉంటే అదే వాడేద్దాం.' స్త్రీలపై హింస గురించి ఇన్నేళ్లుగా పనిచేస్తున్న వాళ్ల నోట ఈ మాటలు రావడం నన్ను కలవరపెడుతోంది. దాచుకోవలసిన అవసరం మనది కాదు, మన దగ్గరకు వచ్చే ఆమెది.

విజయవాడ ఆటోనగర్‌నే చూద్దాం. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, స్పేర్ పార్టుల దుకాణాలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు. ఇక్కడి పనివాళ్ల కుటుంబాలు పటమట, కానూరు, ఎనికేపాడు వైపు ఒకటి రెండు గదుల పోర్షన్లలో అద్దెకుంటాయి. ఇంట్లో స్మార్ట్‌ఫోను ఒకటే అయితే అది ఎవరిదో వేరే చెప్పాలా? అతను షెడ్డుకి పట్టుకుపోతే ఆమెకు ఫోను లేదు. ఇంట్లో వదిలివెళితే సాయంత్రం వచ్చి తిరగేస్తాడు. ఎవరికి కాల్ వెళ్లింది, ఎంతసేపు మాట్లాడింది, కొత్త యాప్ ఏమైనా వచ్చిందా అని.

కంప్యూటర్ నిపుణులు (ఎక్కువమంది మగవాళ్లే) గోప్యత అనగానే ప్రభుత్వ నిఘా, కంపెనీల నిఘా గురించి మాట్లాడతారు. అవి చిన్న విషయాలేం కావు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టులో చెప్పింది కూడా. కానీ ఆమెపై మొదటి నిఘా ఎక్కడో అమెరికాలోని కంపెనీది కాదు, అదే గదిలో ఉన్న మనిషిది. సాఫ్ట్‌వేర్‌ని ఈ కోణం నుంచి పరీక్షించినవాళ్లు ఎందరు?

వాట్సాప్ కాల్‌ని దారిలో ఎవరూ వినలేరు, నిజమే. కానీ కాల్ జాబితాలో పేరు ఉండిపోతుంది. పైగా ఆమె వాట్సాప్‌ని ఒక్కసారి తన కంప్యూటర్‌కి కలుపుకున్నాడంటే ఆమె మెసేజ్‌లన్నీ అతనికి అక్కడే కనబడతాయి. దారిలో ఎంత కట్టుదిట్టంగా తాళం వేస్తే ఏం లాభం, తాళంచెవి ఇంట్లోనే అతని జేబులో ఉన్నప్పుడు? సిగ్నల్ కంపెనీ నిఘా విషయంలో ఇంకా నమ్మదగినది. దానికీ ఫోను నంబరు కావాలి, ఓటీపీ రావాలి, యాప్ దించుకోవాలి. వినని పేరున్న కొత్త గుర్తు తెర మీద కనబడితే ఆ ఇంట్లో దానికి జవాబు చెప్పుకోవలసింది ఎవరు? ఇక జూమ్. లాక్‌డౌన్‌లో అందరం దాంట్లోనే మీటింగులు పెట్టుకున్నాం. 2020 ఏప్రిల్‌లో మన హోంశాఖే అది సురక్షితం కాదని హెచ్చరించింది. ఒక కొస నుంచి మరో కొస దాకా రహస్యంగా ఉంటుందని ఆ కంపెనీ చేసిన ప్రచారం తప్పుదోవ పట్టించేదని అమెరికా వాణిజ్య కమిషన్ అదే ఏడాది నవంబరులో ఆరోపించింది, కంపెనీ రాజీకి వచ్చింది.

అందుకే మన మొదటి ప్రశ్న 'ఎంత రహస్యం' అన్నది కాదు, 'ఆమె ఫోనులో ఏం మిగులుతుంది' అన్నది. జిట్సీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నాకు నచ్చేది ఇక్కడే. లింకు నొక్కితే ఫోనులో ఉన్న బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. యాప్ అక్కర్లేదు, ఆమె తన నంబరు ఇవ్వక్కర్లేదు. ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరిస్తే మూసేశాక చరిత్రలో నిలవదు. లింకు పంపిన మెసేజ్ మాత్రం చెరిపేయాలి, అది ఆమెకు ముందే చెప్పాలి. జిట్సీ సొంత సర్వరులో గది తెరవాలంటే 2023 ఆగస్టు నుంచి ఒకరు లాగిన్ కావాలి. ఆ ఒకరు మనం కావాలి, ఆమె కాదు. భారం మొయ్యవలసింది సంస్థ.

తేలికగా ఉండడం అన్నది కూడా సాంకేతిక వివరంలా కొట్టిపారేయదగింది కాదు. సెకనుకు 600 కిలోబిట్ల చొప్పున రెండువైపులా వీడియో నడిస్తే గంటకి 540 ఎంబీ దాకా పోతుంది. రోజుకి ఒక జీబీ ప్యాక్ ఉన్న ఇంట్లో మధ్యాహ్నానికే సగం ఎలా అయిపోయిందని అతను అడుగుతాడు. వీడియో ఆపేసి మాట మాత్రం ఉంచితే ఖర్చు ఎన్నో రెట్లు తగ్గుతుంది, ముఖమూ బయటపడదు. అసలు ఆమె ముఖం మనం ఎందుకు చూడాలి?

ముఖం అన్నాను కాబట్టి చెప్పాలి. బెజవాడలో 2015 డిసెంబరులో కాల్‌మనీ దారుణం బయటపడింది. అప్పు తీర్చలేని స్త్రీలను వడ్డీ వ్యాపారులు లైంగికంగా వేధించారన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆ తర్వాత లోన్ యాప్‌లు వచ్చాయి. ఫోనులోని పేర్లూ నంబర్లూ ఫొటోలూ లాక్కుని, బొమ్మలు మార్చి బంధువులకు పంపి పరువు తీశాయి. ఈ రెంటినీ చూసిన ఊళ్లో మనం స్త్రీల ముఖాలనూ నంబర్లనూ ఎలా చూసుకుంటున్నాం?

నిధులిచ్చే సంస్థలు మీటింగు జరిగినట్టు స్క్రీన్‌షాట్ అడుగుతాయి, మనం పంపుతాం. ఇరవై ముఖాలు, కింద ఇరవై పేర్లు. కొన్నిచోట్ల రికార్డింగే అడుగుతారు. గృహహింస చట్టం, 2005లోని 16వ సెక్షన్ విచారణను మూసిన తలుపుల వెనుక జరిపే వీలు కల్పించింది. కోర్టు మూయగల తలుపును మన నివేదికలు బార్లా తెరుస్తున్నాయి. హాజరు పట్టీలో సంఖ్య చాలదా? చాలదనే దాతను ఎదిరించి మాట్లాడలేని సంస్థ భర్తల అధికారం గురించి ఏం మాట్లాడుతుంది?

జిట్సీకీ లోపాలున్నాయి. ఇద్దరే ఉంటే మాట నేరుగా వెళుతుంది. ముగ్గురు చేరితే సర్వరు మీదుగా పోతుంది, ఆ సర్వరు నడిపేవాళ్లను నమ్మాలి. కాబట్టి సర్వరు మన చేతిలో ఉండడం మేలు. దాన్ని ఒక్క చిన్న ఆఫీసు భరించలేకపోవచ్చు. నగరంలోని నాలుగైదు స్త్రీల సంస్థలు కలిసి ఒకటి అద్దెకు తీసుకోవచ్చు. నేర్పడానికి హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలున్నాయి. నేర్చుకునేది మాత్రం మన ఆఫీసులోని అమ్మాయే కావాలి, అప్పుడప్పుడూ వచ్చిపోయే తమ్ముడో బావగారో కాదు. వచ్చే ప్రాజెక్టు బడ్జెట్లో బ్యానర్లకూ ఫోల్డర్లకూ రాసే పద్దు పక్కనే ఈ సర్వరు అద్దె, ఆ అమ్మాయి జీతం రాయండి. దాత కొట్టేస్తే కారణం కాగితం మీద అడగండి.