వేలిముద్ర వద్దు, హాల్ టికెట్టు కావాల



ఏటా నవోదయ అప్లికేషన్లు పడగానే మన పల్లెల్లో ఒకటే మాట వినబడతాది. 'మావోడు అంత చురుకైనోడు కాదులేప్పా, పరీక్ష రాపించి ఏం లాభం?' రాజుపాలెం మండలంలో శనగచేలకు కూలికి పోయే తల్లి అంటాది ఈ మాట. బళ్లో అయివారు కూడా అంటాడు. ఐదో తరగతిలో ఇరవై మంది ఉంటే ముగ్గురి పేర్లు ఏరి 'వీళ్లకైతే వస్తాది' అని చెప్తాడు. ఆ ముగ్గురు ఏ వీధి పిల్లలో మేము చెప్పాల్నా?

పదేండ్ల బిడ్డకు తెలివి ఉందో లేదో తేల్చే అధికారం ఎవరిది? ఇది చిన్న సంగతి కాదు. 1990లో మండల్‌కు వ్యతిరేకంగా రోడ్లెక్కినోళ్లు పట్టుకున్నది కూడా 'ప్రతిభ' అనే జెండానే. ప్రతిభ వాళ్లింట్లో పుట్టిందంట, మనకు రిజర్వేషన్ ఉందంట! బళ్లో గోనెపట్ట మీద విడిగా కూచొని చదివిన పిల్లోడు 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయినాడు. ఆ గోనెపట్ట మీద కూచున్నప్పుడు అంబేద్కర్ ప్రతిభ ఎంతమంది కంటికి ఆనింది?

తెలివిని కొలిచే పరీక్షల చరిత్ర కూడా మనం తెలుసుకోవాల. 1905లో ప్యారిస్‌లో బినే, సిమోన్ అనే ఇద్దరు ఒక పరీక్ష తయారు చేసినారు. చదువులో వెనకబడిన పిల్లలను గుర్తుపట్టి సాయం చేసేదానికి చేసింది అది. అమెరికాకు పోయేసరికి పుట్టుకతో వచ్చే తెలివికి కొలబద్ద అయి కూచుంది. కాలిఫోర్నియాలో ఆ మార్కులు చూపించి నల్లజాతి పిల్లలను మందబుద్ధుల క్లాసుల్లో పడేస్తుంటే తల్లిదండ్రులు కోర్టుకెక్కినారు. ఆ పరీక్షలతో నల్లపిల్లలను అట్ల పంపకూడదని 1979లో జడ్జి పెక్‌హామ్ తీర్పు చెప్పినాడు.

అట్లని పరీక్షలన్నీ తగలబెట్టమని మేము అనడం లేదు. అదే అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవార్డ్ జిల్లాలో, టీచరో తల్లిదండ్రులో పేరు చెప్తేనే బిడ్డను ప్రతిభా పరీక్షకు పంపేవాళ్లు. 2005 నుంచి రెండో తరగతి పిల్లలందరికీ ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టినారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు ముందుకంటే చానా ఎక్కువమంది బయటపడినారు. అంతకు ముందు సంవత్సరం కూడా ఆ బళ్లల్లో అట్లాంటి పిల్లలు ఉన్నారు. వాళ్ల పేరు రాసేవాళ్లే లేకపోయిరి.

కాబట్టి మేము చెప్పేదేమంటే, వాడలో ఐదో తరగతి చదివే బిడ్డలందరి పేర్లూ రాపించండి. ఆడబిడ్డలవి కూడా. నవోదయలో మూడో వంతు సీట్లు వాళ్లవే. నాలుగులో మూడు వంతులు పల్లె పిల్లలవి. ఎస్సీలకు 15 శాతానికి తగ్గకుండా ఉంటాయి. పరీక్ష తెలుగులోనే రాయొచ్చు. రెండు గంటలు, 80 ప్రశ్నలు. తప్పు రాస్తే మార్కులు కోసుకోరు. అందులో సగం, 40 ప్రశ్నలు, బొమ్మలు చూసి పోలిక పట్టేవి. అట్లాంటి బొమ్మ ముందెప్పుడూ చూడని బిడ్డ హాల్లో బిత్తరపోతాది. దాన్ని తెలివిలేనితనం అంటే ఎట్ల? దీనికోసం ప్రొద్దుటూరు కోచింగులకు అప్పు చేసి కట్టాల్సిన పని లేదు. డిగ్రీ చదివే మన పిల్లలు పాత పేపర్లు తెచ్చి సాయంత్రం గంటసేపు కూచోబెట్టినా చాలు.

సీటు రాకపోతే? ఒక్కో నవోదయలో ఆరో తరగతికి ఎక్కువలో ఎక్కువ 80 సీట్లు. ఈ పరీక్ష రెండోసారి రాసేదానికి లేదు. రానోళ్లే ఎక్కువ ఉంటారు. ఆ రోజు బిడ్డను 'మొద్దు' అన్న నాయిన, అయివారు చేయాల్సిన పనిని తాను చేసినట్ల. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఆ దమ్ము ఏ ప్రశ్నపత్రంలో కనపడతాది? నాలుగో తరగతి బిడ్డలుంటే అంబేద్కర్ గురుకులాల ఐదో తరగతి పరీక్షకు కూడా రాపించండి.

ఇంకో దందా ఉంది. బిడ్డ వేలిముద్రలు తీసుకొని ఏం చదవాల్నో, ఎంత తెలివో కాగితం మీద అచ్చేసి ఇస్తామని డబ్బు గుంజుతున్నారు. వేలిగీతల్లో తెలివి ఉంటాదనేదానికి ఏ శాస్త్ర ఆధారమూ లేదు. షావుకారి ప్రోనోట్ల మీద వేలిముద్రలేసి భూములు పోగొట్టుకున్నోళ్లు మన తాతలు. వాళ్ల మనమళ్ల వేలిముద్రలకు మనమే ఎదురు డబ్బు కట్టాల్నా?

కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి అప్లికేషన్లు నింపియ్యాల. ఫీజు లేదు, ఎవరికీ రూపాయి ఇయ్యొద్దండి. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బళ్లోనే చదివినట్ల హెడ్మాస్టరు రాసియ్యాల. కులం సర్టిఫికెట్ చేతికొచ్చేదానికి రోజులు పడతాయి, ఈ వారంలోనే సచివాలయంలో అర్జీ పెట్టుకోండి.